సాక్ష్యానికి ముందు పరీక్ష

(సీతమ్మధారలో జరిగిన స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మన అధ్యక్ష మండలం నూరేళ్ళ పండుగ జరుపుకొంటున్న ఈ సమయంలో, ఆరోగ్యం విషయమై సంఘానికి గల బాధ్యతను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. గుడులు కట్టిన వారిని గురించీ, బడులు పెట్టిన వారిని గురించీ చక్కగా చెప్పగలవారు మనలో చాలామంది వున్నారు. నేను ప్రసంగాలు చేసే మనిషిని కాను. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న దానిని. నాకు తెలిసినవల్లా మంచాల వరుసలు, మందు చీటీలు, రోగుల ముఖాలు. కాబట్టి పెద్ద మాటల జోలికి పోక, నేను చూసినదాన్నీ, నేను చేసిన ఒక తప్పునూ మీ ముందు పెడతాను. తప్పునే ముందు చెబుతాను.

2014లో, క్రిస్మసుకు కొద్ది వారాల ముందు, కొండవాలులో ఒక ఇంట కుటుంబ ప్రార్థన జరిగింది. ఆ ఇంటి ఇల్లాలు రెండు అపార్టుమెంట్లలో అంట్లు తోమి, బట్టలు ఉతికి పిల్లలను సాకే మనిషి. ఆమెకు టీ.బి. వచ్చింది. మందు మొదలుపెట్టి రెండు నెలలయింది. దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది, ముఖం తేటబడింది. ప్రార్థన ముగిసేవేళ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. దేవుడు తనను స్వస్థపరచాడనీ, ఇక మందులతో పనిలేదని మిగిలిన బిళ్ళలు కాలువలో పారవేశాననీ చెప్పింది. మేమంతా స్తోత్రం అన్నాము. చప్పట్లు కొట్టాము. ఆ చప్పట్లలో నా రెండు చేతులు కూడా వున్నాయి.

నాకు తెలియదా? తెలుసు. ఆ మందు ఆరు నెలలు వాడాలనీ, రెండో నెలలో రోగం తగ్గినట్టు కనబడటం నయమవడం కాదనీ ఆ గదిలో మిగతా వారందరికన్నా నాకు బాగా తెలుసు. కాని ఆ సంతోష సమయంలో నోరు విప్పితే, ఈమెకు విశ్వాసం లేదంటారేమోనని జంకాను. రేపు ఒంటరిగా చెబుదాములే అనుకొన్నాను. ఆ రేపు రాలేదు. పండుగ పనుల్లో పడిపోయాము.

మరుసటి ఏడు ఎండాకాలం దాటేసరికి ఆమె మళ్ళీ దగ్గుతూ వచ్చింది. ఈసారి పరీక్షలో తేలినది మామూలు మందులకు లొంగని టీ.బి. పామును సగం చంపి వదిలితే ఎంత ప్రమాదమో, క్షయ క్రిమిని సగం చంపి వదిలితే అంత ప్రమాదం. రెండేళ్ళ వైద్యం. అందులో ఆరు నెలలకు పైగా ఇంజక్షన్లు. ఆ ఇంజక్షను ఆమె ప్రాణం నిలిపింది గాని, వినికిడిని తీసుకొనిపోయింది. ఆనాడు వాడిన ఆ జాతి ఇంజక్షన్ల వల్ల కొందరికి అలా జరిగేది. ఇప్పుడు వాటికి బదులు చాలావరకు నోటితో మింగే మాత్రలే ఇస్తున్నారు.

ఆమె అనుమతి తీసుకొనే ఈ సంగతి చెబుతున్నాను. ప్రతి ఆదివారం ఆమె మూడో బల్లమీద కూర్చుంటుంది. కీర్తన పాడేటప్పుడు పక్కామె పెదవులు చూస్తూ తన పెదవులు కదుపుతుంది. ఒకనాడు నా చెయ్యి పట్టుకొని, "ఆ రోజు నువ్వొక్క మాట సెప్పుంటే నాను మానకపోదును, సిస్టరమ్మా" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది ఈనాటికీ నన్ను వదలలేదు.

ప్రియులారా, ఆరోగ్య అక్షరాస్యత అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినబడుతోంది. అక్షరాలు వచ్చినంత మాత్రాన ఈ అక్షరాస్యత వచ్చినట్టు కాదు. ఒంట్లో నలత చేసినప్పుడు ఎక్కడికి పోవాలో తెలియడం, డాక్టరు చెప్పినది అర్థం చేసుకోవడం, అర్థం కానిది అడగగలగడం, విన్న పది మాటల్లో ఏది నిజమో తేల్చుకోవడం, తేల్చుకొన్నదాన్ని ఇంట్లో ఆచరించడం, ఇవన్నీ కలిస్తేనే ఆరోగ్య అక్షరాస్యత. ఆ ఇల్లాలు ఏడో తరగతి చదివింది. బైబిలు తడబడకుండా చదువుతుంది. అయినా ఆమెకు ఆరు నెలల మందు ఎందుకో ఎవరూ అర్థమయ్యేటట్టు చెప్పలేదు. చెప్పగలిగిన దానిని నేను, చప్పట్లు కొట్టాను. అంటే లోపం ఆమె ఒక్కదానిది కాదు, ఆమె చుట్టూ ఉన్న మనందరిదీ.

ఆ తరువాత నేను లూకా సువార్త అయిదవ అధ్యాయాన్ని కొత్తగా చదివాను. లూకా వైద్యుడు గదా! ప్రభువు కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాడు. బాగుచేసి ఏమి చెప్పాడు? వెంటనే పోయి పదిమందికి చాటమన్నాడా? లేదు. ఎవరితోను చెప్పక, ముందు పోయి యాజకునికి కనబడమన్నాడు. యాజకుడు ఏమి చేస్తాడో లేవీయకాండము పదమూడు, పదునాలుగు అధ్యాయాలలో ఉంది. చర్మాన్ని చూస్తాడు, అనుమానముంటే ఏడు దినములు ప్రత్యేకంగా ఉంచుతాడు, మళ్ళీ చూస్తాడు. ఆ కాలానికి అదే పరీక్ష. స్వయంగా ప్రభువు చేసిన స్వస్థతకే పరీక్ష అడ్డురాలేదు. పైగా ఆ పరీక్షకు పంపినది ప్రభువే. మరి మన ప్రార్థన కూడికల్లో పరీక్షను అవిశ్వాసమని ఎందుకు అనుకొంటున్నాము? మందు మింగడం విశ్వాసానికి విరోధమని ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు. కాని నా మౌనం నేర్పింది.

ఇప్పుడు కాస్త వెనుకటి సంగతులు చూద్దాము. మన తెలుగు నేలమీద సంఘానికీ ఆరోగ్యానికీ సంబంధం నిన్న మొన్నటిది కాదు. డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. పురుష వైద్యునికి చెయ్యి చూపని ఇళ్ళలోకి ఆమె వెళ్ళగలిగింది. పదిహేనేళ్ళ తరువాత, 1898లో అక్కడ స్త్రీల కొరకు, పిల్లల కొరకు ఆసుపత్రి తెరవబడింది. ఆ కాలపు బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పారని మనం గొప్పగా చెప్పుకొంటాము. అలా గడప లోపలికి పోయి, పీటమీద కూర్చొని, ఎదుటివారి భాషలో మాట్లాడే పద్ధతి ఆరోగ్యం చెప్పడానికి కూడా అంతే అవసరం.

క్షయ విషయంలో మనవారు చేసిన పని మరీ గొప్పది. ఈ జబ్బుకు కారణమైన క్రిమిని కనుగొన్నట్టు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. కాని దాన్ని చంపే మందు మరో అరవై యేళ్ళకు గాని రాలేదు. ఆ మధ్య కాలంలో విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, ఇవే వైద్యం. చిత్తూరు సీమలో మదనపల్లెలో 1912లో డాక్టరు లూయిసా హార్ట్ చిన్నగా మొదలుపెట్టిన పని, 1915 నాటికి ఊరి వెలుపల ఆరోగ్యవరంలో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియంగా స్థిరపడింది. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానిని నడిపాడు. అందులో యూనియన్ అన్న మాట గమనించండి. అంత ఖర్చు, అంత శ్రమ ఒక్క మిషను భరించలేకపోయింది. కాబట్టి సిద్ధాంతాల్లో తేడాలున్న అనేక మిషన్లు రోగి కోసం చేతులు కలిపాయి. ఈనాడు మనం భాగస్వామ్యం అంటున్నామే, ఆ పని ఆనాడే ఆరోగ్యవరంలో జరిగింది.

తరువాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి స్థాపించాయి. అక్కడ కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరిని వారి ఇరుకు ఇళ్ళలోనే ఉంచి, ఒకే మందు ఇచ్చి చూశారు. 1959లో ఫలితం ప్రకటించారు. ఇంటివద్ద ఉన్న పేదవారికీ దాదాపు అంత బాగానే నయమయింది. ఇంట్లో వారికి అదనంగా అంటుకోలేదు. ఈ ఒక్క సంగతితో ప్రపంచమంతటా క్షయ వైద్యం మారిపోయింది. శానిటోరియముల అవసరం తగ్గిపోయింది.

దీనివల్ల మనకు వచ్చిన బాధ్యత ఏమిటో ఆలోచించండి. రోగి ఆసుపత్రిలో ఉన్నంతకాలం మందు సంగతి నర్సు చూసుకొనేది. రోగి ఇంటికి వచ్చాక ఎవరు చూడాలి? ఇల్లు చూడాలి, వీధి చూడాలి, సంఘం చూడాలి. ప్రభుత్వం 1962లో జాతీయ క్షయ కార్యక్రమం ప్రారంభించింది, 1997లో దానిని సవరించింది, 2020లో నిర్మూలన కార్యక్రమమని పేరు మార్చింది. పేర్లు మారినా అవసరం మారలేదు. రోగి పక్కన ఆరు నెలలు నిలబడే ఒక మనిషి కావాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 2025 నాటికి దీనిని అంతం చేయాలని లక్ష్యం పెట్టుకొన్నాము. అంతం కాలేదు.

మన విశాఖపట్నం సంగతి చూడండి. 1923 నుండి కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్న ఊరు. అదే ఏడు మొదలైన వైద్య కళాశాల ఉన్న ఊరు. పెదవాల్తేరులో ఛాతీ వ్యాధులకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న ఊరు. సీతమ్మధార నుండి వీటిలో దేనికైనా ఆటోలో పోయిరావచ్చు. అయినా రోగి పరీక్ష దాకా పోవడానికి నెలలు పడుతోంది. పాత నగరంలో దగ్గితే పోర్టు దుమ్ము అంటారు. పారిశ్రామిక వాడలో దగ్గితే పొగ అంటారు. కొండవాలులో దగ్గితే మంచు పడలేదంటారు. దుమ్మూ పొగా నిజమే, వాటివల్ల దగ్గు రావడమూ నిజమే. కాని రెండు వారాలు దాటిన దగ్గును వాటి మీదికి నెట్టి ఊరుకోకూడదు.

అందుచేత నేను ప్రతిచోటా చెప్పే నాలుగు సంగతులు ఇక్కడా చెబుతాను. పిల్లలు కూడా వింటున్నారు, మంచిదే.

మొదటిది, రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కళ్ళెలో రక్తం, వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించాలి. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షకు డబ్బు తీసుకోరు. పరీక్షకు ఇవ్వవలసినది నోట్లో ఉమ్మి కాదు. గట్టిగా ఊపిరి తీసుకొని, లోపలి నుండి దగ్గితే వచ్చే కళ్ళె. ఉమ్మి ఇచ్చి పరీక్షలో ఏమీ లేదన్నారని ధైర్యంగా తిరిగినవారు ఎందరో ఉన్నారు.

రెండవది, ఇది గాలి ద్వారా వచ్చే జబ్బు. కంచం వల్ల రాదు, చెయ్యి కలిపితే రాదు, తాతముత్తాతల పాపం వల్ల రాదు. సరైన మందు పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంతవరకు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కిటికీ తెరిచి ఉంచాలి. రోగితోపాటు ఇంట్లో అందరినీ, ముఖ్యంగా చిన్నపిల్లలనూ మధుమేహం ఉన్నవారినీ పరీక్ష చేయించాలి. రోగం రాని వారికి రాకుండా ఇచ్చే మందు కూడా ఉంది.

మూడవది, మామూలు క్షయకు ఆరు నెలలు మందు. రోజుకు ఇచ్చినన్ని బిళ్ళలు ఒకేసారి మింగాలి. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడవద్దు. అది మందు రంగు, రక్తం కాదు. అయితే కళ్ళు పచ్చబడినా, చూపు మందగించినా, వాంతులు ఆగకపోయినా వెంటనే మందు ఇచ్చినచోటికి పోయి చెప్పాలి. మనంతట మనం మానకూడదు, చెప్పకుండా ఊరుకోనూకూడదు.

నాలుగవది, తిండి. ఝార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్ళకు అదనపు ఆహారం ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. అలా తిండి అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మందు క్రిమిని చంపుతుంది, తిండి ఇంటిని కాపాడుతుంది. రోగికి పోషణ నిమిత్తం ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా లేక, ఆధార్ జతకాక అది అందని వారు ఉంటారు. వారిని చెయ్యిపట్టుకొని బ్యాంకుకు తీసుకుపోవడం కూడా పరిచర్యే.

ఈ సంగతులు చెప్పడం మాకు మొదట చేతకాలేదు. దాన్నీ దాచను. ఆ ఇల్లాలి సంగతి తరువాత, కళ్ళు తెరిచి, ఒక ఆదివారం ఆవరణలో వైద్య శిబిరం పెట్టాము. షామియానా వేశాము, బ్యానరు కట్టాము, బలం బిళ్ళలు పంచాము, ఫోటోలు తీసుకొన్నాము. కరపత్రాలు వేయించాము. అందులో "శ్లేష్మ పరీక్ష" అని రాయించాము. మరుసటి వారం ఒక వాచ్‌మన్ భార్య ఆ కాగితంలోనే బజ్జీలు చుట్టి ఇచ్చింది. తప్పు ఆమెది కాదు. కళ్ళె అని రాయవలసినచోట శ్లేష్మం అని రాసిన మాది.

మరో సంగతి. ఒక వాచ్‌మన్‌కు రోజుకు మూడు బిళ్ళలు రాశారు. ఆయన పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి వేసుకొంటున్నాడు. జ్వరం బిళ్ళలు అలాగే గదా వేసుకొంటాము! ఎవరూ ఆయన్ను అడగలేదు. నేను "అర్థమయిందా?" అని అడిగితే "అయిందమ్మా" అన్నాడు. ఒకనాడు "రేపు ఎలా వేసుకొంటావో నాకు చేసి చూపించు బాబూ" అన్నాను. అప్పుడు బయటపడింది. ఆనాటి నుండి "అర్థమయిందా" అనే ప్రశ్న మానేశాము. "నాకు తిరిగి చెప్పు" అంటాము. ఇంతకంటే మంచి పరికరం ఏ ఆసుపత్రిలోనూ లేదు, ఖర్చూ లేదు.

ఆ తరువాత మా పద్ధతి మార్చుకొన్నాము. శిబిరం మానివేసి, నెలకు ఒక శనివారం సాయంత్రం కొండవాలులో ఎవరో ఒకరి అరుగుమీద కూర్చుంటాము. మా వెంట ఆ వార్డు ఆశా కార్యకర్త ఉంటుంది. ఎవరికి ఎక్కడ పరీక్ష, ఎక్కడ మందు అన్నది ఆమెకు తెలుసు. ఏ ఇంటి తలుపు ఏ వేళకు తెరచి ఉంటుందో మా స్త్రీల మైత్రి వారికి తెలుసు. రెండు తెలివులు కలిస్తేనే పని జరిగింది. ఆ వీధి గుడి కమిటీవారు తమ మైకులో మా కూడిక సంగతి చాటారు. మసీదు దగ్గరి ఆటో స్టాండు కుర్రవాళ్ళు ఇద్దరు రోగులను పరీక్షకు ఉచితంగా తీసుకుపోయారు. క్షయ గాలిలో వచ్చే జబ్బు. గాలికి మతం లేదు గదా, దాన్ని ఎదుర్కొనే పనికి మాత్రం ఎందుకుండాలి?

2022లో ప్రభుత్వం నిక్షయ్ మిత్ర అనే పద్ధతి పెట్టింది. వ్యక్తులు గాని, సంస్థలు గాని, మందిరాలు గాని రోగి సమ్మతితో పేరు నమోదు చేసుకొని, ఆరు నెలలో, అంతకు ఎక్కువో పోషకాహారం అందించవచ్చు. పప్పు, నూనె, వేరుశనగ, గుడ్లు, ఇవే సంచీలో పెట్టేవి. అయితే ఒక మనవి. దయచేసి ఆ సంచీని గుడిలో అందరి ముందు ఇవ్వకండి, ఫోటో తీయకండి. పెళ్ళికావలసిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ ఒక్క ఫోటో చేసే కీడు జబ్బు కూడా చేయదు. మంచి సమరయుని ఉపమానం చూడండి. ఆయన నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తన వాహనం ఇచ్చాడు. అంతటితో తానే అన్నీ చేయాలనుకోలేదు. సత్రం నడిపే వానికి అప్పగించాడు, రెండు దేనారములు ఇచ్చాడు, మళ్ళీ వచ్చి మిగతా లెక్క చూస్తానన్నాడు. ఆయన పేరు మాత్రం లేఖనంలో లేదు. భాగస్వామ్యం అంటే అదే. తనకు చేతనైనది చేయడం, చేతగానిది చేతనైన వారికి అప్పగించడం, మళ్ళీ వచ్చి చూడడం. మనం మొదటి రెండూ చేసి మూడవది మరచిపోతూ ఉంటాము.

మా సంఘంలో ఒక చిన్న నియమం కూడా చేసుకొన్నాము. క్షయ నుండి స్వస్థత పొందిన వారు సాక్ష్యం చెప్పాలనుకొంటే, ఆరు నెలల మందు ముగించి, చివరి పరీక్ష చేయించుకొని, ఆ తరువాత చెప్పాలని. దీనిమీద చర్చ జరిగింది. ఒక పెద్దాయన, మా అందరికీ పూజ్యుడు, లేచి "దేవుని కార్యానికి ఆసుపత్రి ముద్ర కావాలా అమ్మా?" అని అడిగారు. అది అల్లరికి అడిగిన ప్రశ్న కాదు, బాధతో అడిగినది. అయ్యగారు లూకా అయిదవ అధ్యాయం తీసి చదివారు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పటికీ ఆయనకు పూర్తిగా సమ్మతం కాదు. కాని పరీక్షకు పోవలసిన ముసలివారిని తన స్కూటరు మీద ఎక్కించుకొని తీసుకుపోయేది ఆయనే. ఏకాభిప్రాయం వచ్చేదాకా ఆగితే పని జరగదు. అభిప్రాయం కలవకపోయినా చేతులు కలపవచ్చునని ఆయన నాకు నేర్పారు.

నలుగురు కలిసి తెలుసుకొంటే ఏమి జరుగుతుందో మన రాష్ట్రం ఒకసారి చూసింది. 1990 తరువాతి తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగింది. రాత్రివేళ పలకలు పట్టుకొని కూర్చొన్న కూలి స్త్రీలు వాచకంలో సారా మీది పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. ఇది మన ఇంటి కథే గదా అని ఒకరితో ఒకరు చెప్పుకొన్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. ఆ కదలిక ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం చిన్నదే. సారా చెడ్డదని వారికి అంతకుముందూ తెలుసు. ఒక్కొక్కరికి విడివిడిగా తెలిసినప్పుడు అది కన్నీరు, కలిసి చదివినప్పుడు అది బలం అయింది.

ఇదంతా కొండవాలు వారి సంగతి, మేడల్లోని మనకు కాదు అని ఎవరైనా అనుకొంటే, ఒక మాట. నేను చూసిన రోగుల్లో లెక్చరరు ఉన్నాడు, బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. పేదవారు తెలియక ఆలస్యం చేస్తే, మనం తెలిసీ దాచి ఆలస్యం చేస్తాము. పేరు బయటపడకుండా ఒక డాక్టరు నుండి మరో డాక్టరుకు మారతాము. ఏ డాక్టరు అయినా క్షయ కేసును ప్రభుత్వానికి తెలియజేయాలనే నిబంధన 2012 నుండి ఉంది. అది మనలను బజారున పెట్టడానికి కాదు, ఇంట్లో పిల్లలకు పరీక్ష చేయడానికి. ఫోనులో వచ్చిన కషాయాల కబుర్లు ఇరవై మందికి పంపే చదువుకొన్నవారం మనం. అంట్లు తోమే ఆమె మన వంటింట్లో మూడు వారాలుగా దగ్గుతుంటే, "రేపటి నుండి రావద్దు" అంటామా, "రేపు సెలవు తీసుకో, జీతం కోయను, పరీక్షకు పోదాం" అంటామా? మన ఆరోగ్య అక్షరాస్యత ఆ ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

ముగిస్తున్నాను. నూరేళ్ళ పండుగ సందర్భంగా ఈ సంఘాన్ని నేను కట్టడాలేవీ అడగడం లేదు. మూడే అడుగుతున్నాను. ప్రతి సంఘంలో ఒక్క మనిషి, నర్సే కానక్కరలేదు, ఆ పేట ఆశా కార్యకర్తను పేరుతో పిలిచేంత పరిచయం పెట్టుకోవాలి. మార్చి 24 ప్రపంచ క్షయ దినం. దానికి దగ్గరి ఆదివారం ప్రకటనల్లో అయిదు నిమిషాలు ఈ నాలుగు సంగతులకు ఇవ్వాలి. స్వస్థత సాక్ష్యం విన్న ప్రతిసారీ, స్తోత్రం అన్న నోటితోనే, "మందు పూర్తయిందా అమ్మా, చివరి పరీక్ష అయిందా?" అని ప్రేమతో అడగాలి.

సీతమ్మధార పేరులోనే ధార ఉంది. ధార అంటే ఆగకుండా పారేది. ఆసుపత్రిలో ఉన్న జ్ఞానం అక్కడే నిలిచిపోక, ఇంటింటికీ, కొండమీది చివరి గడప దాకా పారాలి. ఆ కాలువ తవ్వే పని మనది.

వచ్చే ఆదివారం మూడో బల్లమీద ఆ సోదరి కూర్చొని ఉంటుంది. మనం పాడేది ఆమెకు వినబడదు. కాని మనం అడిగే ప్రశ్న మరొక ఇల్లాలికి వినబడవచ్చు. ఆ రోజు నేను అడగలేకపోయాను. మీరు అడగండి.

ప్రభువు మనందరికీ ఆ ధైర్యాన్నీ, ఆ ప్రేమనూ దయచేయును గాక. ఆమేన్.